శివరాములు చెప్పిన వరుస

ఆ శుక్రవారం పొద్దున మార్కండేయ జేబులో ఉన్న చీటీలో చేయవలసిన పనులు ఇవి:

ఒకటి: పంజాగుట్ట నాలా పక్కన నీళ్ళు నిలిచిన నాలుగు గుంతలు పూడ్పించాలి.

రెండు: అమీర్‌పేటలో వాడకం లేని మూడు బావుల్లో నూనె చల్లించాలి. తాగే బావిలో చల్లకూడదు. పోయినసారి పడిన తిట్లు చాలు.

మూడు: మగ్గం గుంటల్లో నీళ్ళు తోడించాలి. వాళ్ళు తిడితే పడాలి. తిరిగి తిట్టకూడదు.

నాలుగు: జ్వరం వచ్చినవాళ్ళ చేత గోలీలు కళ్ళముందే మింగించాలి. నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూడాలి.

ఐదు: చంద్రావతి నాకు చిన్నమ్మ కాదని దీపాలు పెట్టేలోగా రుజువు చేయాలి.

మొదటి నాలుగూ మలేరియా జమేదారు హాషం సాహెబు చెబుతుంటే రాసుకున్నవి. ఐదోది, సాహెబు పాన్ ఉమ్మడానికి అటు తిరిగినప్పుడు, మార్కండేయ తనంతట తాను చేర్చుకున్నాడు.

పదిహేను రోజుల కిందటి దాకా చంద్రావతి అతనికి మరదలే. పంజాగుట్ట రాజనర్సయ్య కూతురు. పెళ్ళి మాట అయిపోయింది, పండ్లూ పూలూ పెట్టుకుని ఖాయం చేసుకోవడమే మిగిలింది. అలాంటి పిల్ల ఒక్క మాటతో చిన్నమ్మ అయిపోయింది. ఆ మాట ఏ గిట్టనివాడో అని ఉంటే కొట్లాడేవాడు. అన్నది అతని కన్నతండ్రి శివరాములు. ఇక ఎవరితో కొట్లాడతాడు?

శివరాములు అంటే ఎవరో ముందు చెప్పుకోవాలి.

అమీర్‌పేట సాలెవాడలో గుంట మగ్గాలు. మనిషి నేల మీద కూర్చుంటాడు, కాళ్ళు గుంటలో ఉంటాయి, చేతులు నూలు మీద ఉంటాయి. శివరాములు కాళ్ళూ చేతులూ అక్కడే ఉన్నా మతి మాత్రం సిద్దిపేటలో, దుబ్బాకలో, సిరిసిల్లలో, భువనగిరిలో ఇల్లిల్లూ తిరుగుతుండేది. ఎవరి ఇంటిపేరు ఏది, ఎవరి గోత్రం ఏది, ఎవరి మేనత్తను ఏ ఊరికి ఇచ్చారు, ఆమె ఆడపడుచు కొడుకు ఎవరికి ఇల్లరికం పోయాడు, ఇదంతా మగ్గం చప్పుడుకు తాళంగా గొణుక్కుంటూ నేసేవాడు. కాగితం ముక్క లేదు. అంతా తలలోనే.

సాలెవాళ్ళ ఇళ్ళలో సంబంధం కుదిరితే తాంబూలాలు మార్చుకునే ముందు శివరాములు లేవాలి. రెండు పక్షాల వంశాలూ ఐదు తరాల దాకా చదవాలి. చివరికి "వరుస కలిసింది" అనాలి. అన్నాడా, డప్పులు మోగుతాయి. అనలేదా, వచ్చినవాళ్ళు పండ్ల తట్ట ఎట్లా తెచ్చారో అట్లాగే నెత్తిన పెట్టుకుని పోవాలి. ఒకసారి, తనను అడగకుండా కుదుర్చుకున్న రాజనర్సయ్య తమ్ముడి పెళ్ళిలో, పెళ్ళికొడుకు చేతిలో పూలదండ ఉండగా శివరాములు లేచి, "ఆగున్రి. పిల్ల వీనికి చెల్లె అయితది" అన్నాడు. ఆరా తీస్తే నిజమే. ఆ రోజు నుంచి రాజనర్సయ్యకు శివరాములు మాట మీద ఎంత గురి కుదిరిందంటే, పొద్దు తూర్పున పొడుస్తుందని శివరాములు బావ అనలేదు కదా అని ఒక్క క్షణం ఆలోచించేవాడు.

మరి అంతటి మతికి ఏమైంది?

పోయిన వానాకాలం, అంటే యుద్ధం నడుస్తున్న నలభై మూడులో, శివరాములు మగ్గం గుంటలో చీలమండల దాకా నీళ్ళు ఊరాయి. తోడమని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "తడి ఉంటె పోగు తెగదు రా. నీ రిజిస్టరుకు నూలు సంగతేం ఎర్క?" అన్నాడు. ఆ నీళ్ళలో పుట్టిన దోమలు ఆ పిక్కలనే కుట్టాయి. చలిజ్వరం పట్టుకుంది.

అప్పటికి మార్కండేయ మలేరియా దఫ్తరులో చేరి మూడు నెలలు. వాడలో మెట్రిక్ పాసైన మొదటివాడు అతనే. ఖాకీ టోపీ పెట్టుకుని ఇంటికి వచ్చిన రోజు వాళ్ళ అవ్వ, అంటే కన్నతల్లి, కాంతవ్వ ఆ టోపీకి కుంకుమబొట్టు పెట్టింది. కునైన్ చెట్లు పెరిగే జావా దేశం జపానువాళ్ళ చేతిలో పడ్డాక కునైన్ గోలీ దొరకడమే గగనమైన రోజులవి. హాషం సాహెబును బతిమాలి ఇరవై ఒక్క గోలీలు తెచ్చాడు. రోజుకు మూడు, ఏడు రోజులు. అవ్వ చేతిలో పెట్టాడు. ఇంట్లో వాళ్ళ నాలుక ఎత్తించి చూడటమేమిటని, రిజిస్టరులో ఏడు రోజులదీ ఒక్క పూటలోనే గుండ్రటి అక్షరాలతో రాసేశాడు: శివరాములు, ఇరవై ఒకటి, మింగినాడు.

శివరాములు మింగింది నాలుగు.

తప్పు కాంతవ్వదంటే అవును, కాదంటే కాదు. ఆ వాడలో ఏ ఇంటికి వచ్చింది ఆ ఇంట్లోనే ఉండిపోవడమనేది లేదు. బర్రె ఈనితే జున్ను పన్నెండు ఇళ్ళకు పోతుంది. మామిడికాయ తొక్కు పెడితే పన్నెండు గిన్నెలు వస్తాయి. అలాంటిది ఇరవై ఒక్క గోలీలు! "పక్కింట్ల పోరి వణుకుతుంటె నేను గోలీలు సందుగల పెట్టి తాళమేస్కోవాల్నా? నేనేమన్న రాక్షసినా?" అని, భర్తకు నాలుగు ఉంచి మిగతావి కొంగులో కట్టుకుని వాడంతా పంచింది. వరసకు అన్న అయ్యే రాజనర్సయ్య ఇంట్లో కూడా జ్వరమని తెలిసి రెండు గోలీలు పంజాగుట్టకు నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చింది. రాజనర్సయ్య ఇంట్లో పదకొండు మంది. రెండు గోలీలు పదకొండు మందికి ఎట్లా? ఆయన న్యాయమైన మనిషి. రెండూ తాగే నీళ్ళ కుండలో వేశాడు. మూడు రోజులు ఇంటిల్లిపాదీ మూతులు వంకర్లు పెట్టుకుంటూ సమానంగా తాగారు.

నాలుగు గోలీలకు శివరాములు జ్వరం తగ్గింది. తగ్గిందని అందరూ అనుకున్నారు, జ్వరం తప్ప. పదో రోజు అది తిరిగి వచ్చి నేరుగా తలకెక్కింది. ఫిట్లు వచ్చాయి. మూడు రోజులు ఒంటిమీద తెలివి లేదు. దవాఖానాలో సూదుల మీద సూదులు వేసి బతికించారు.

లేచి కూర్చున్న శివరాములు జావ అడిగాడు. పది రోజులకు మగ్గం గుంటలో దిగాడు. అన్నీ మామూలే అనుకుంటుండగా కాంతవ్వను, "అక్కా, జర చెంబు అందియ్యి" అన్నాడు. చావు తప్పి వచ్చినవాడు కదా, సరసమాడుతున్నాడనుకుని ఆమె మురిసింది. మర్నాడు పలకరించడానికి వచ్చిన హాషం సాహెబును "రా బావా" అన్నాడు. సాహెబు కూడా మురిశాడు. మూడోనాడు కొడుకును "చిన్నాయినా" అన్నాడు. అప్పుడు ఎవరూ మురియలేదు.

మళ్ళీ దవాఖానాకు తీసుకుపోతే డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ళు తట్టి చూసి, ఒక చీటీ రాసి ఇచ్చి, తెలుగులో ఇట్లా చెప్పాడు: "జ్వరం పురుగు మెదడు దాకా పోయింది. కొన్ని జ్ఞాపకాలు దెబ్బతిన్నాయి. కొన్ని తిరిగి రావచ్చు, కొన్ని రాకపోవచ్చు. ఇది పిచ్చి కాదు, దయ్యం కాదు, పిల్లలకు వచ్చేది కాదు. మందు మొత్తం మింగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో." ఆఖరి మాట విన్నాక ఇంటికి పోయి అవ్వను అడిగితేనే, నాయిన మింగింది నాలుగని మార్కండేయకు తెలిసింది.

సంగతి బయట పెట్టలేదు. పెడితే వాడ ఏమంటుంది? పిచ్చి అంటుంది. పిచ్చి ఉన్న ఇంటికి పిల్లనెవరిస్తారు? చంద్రావతిని చేసుకునేదాకా గుట్టుగా ఉంటే చాలనుకున్నారు. పండ్లూ పూలూ పెట్టుకునే రోజు దగ్గరపడింది. వరుస చెప్పాల్సింది శివరాములే. కాంతవ్వ పది రోజులు కండెలకు నూలు చుడుతూ భర్తకు పాఠం చెప్పింది.

"ఏమనాలె?"

"వరుస కలిసింది."

"ఇంకేమన్న అనాల్నా?"

"అనొద్దు."

"వంశం చదువుతవా?"

"చదవ."

"శాబాష్."

ఆ రోజు యాభై మంది ముందు శివరాములు లేచాడు. ఉత్తరీయం సవరించుకుని కళ్ళు మూసుకున్నాడు. అంతమంది తన నోటి వైపు చూస్తున్నారన్న సంబరంలో పది రోజుల పాఠం ఎగిరిపోయింది. పాత గొంతు, పాత ఠీవి. గడగడా చదివి, "కాంతవ్వ తాతా, రాజనర్సయ్య తండ్రీ ఒక్క తల్లి బిడ్డలు. అంటె రాజనర్సయ్య కాంతవ్వకు చిన్నాయిన. చంద్రావతి చెల్లె. మా పోరనికి చిన్నమ్మ. వరుస కలువది" అని కూర్చున్నాడు.

"మా తాతకు అన్నదమ్ములే లేరు!" అని కాంతవ్వ అరిచింది.

రాజనర్సయ్య కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని లేచాడు. "నువ్వూకో చెల్లె... కాదు, ఊకో బిడ్డా. బావ... కాదు, అల్లుడు ధర్మాత్ముడు. సొంత కొడుకు పెండ్లి సుత ఆపిండు. ఇంకొకడైతె నోరు మూస్కునేటోడు. గిసొంటి మనిషి మాట తప్పయితదా?"

జనమంతా అవునన్నారు. శివరాములు పేరు ఆ రోజు పెరిగినంత ఎప్పుడూ పెరగలేదు. మార్కండేయకు మాత్రం ముందు నుయ్యి, వెనుక గొయ్యి. తండ్రి మాట నిజమైతే పిల్ల చిన్నమ్మ. అబద్ధమైతే ఇల్లు పిచ్చి ఇల్లు.

ఇది జరిగి పదిహేను రోజులు. రేపు శనివారం సిద్దిపేట నుంచి వేరే సంబంధం వాళ్ళు పంజాగుట్టకు వస్తున్నారు. ఆ వరుస కూడా ముందే చూసి చెప్పమని రాజనర్సయ్య ఇవాళ సాయంత్రం శివరాములునే పిలిచాడు. అందుకే చీటీలో ఐదో పని.

గుంతలు పూడ్పించి, మగ్గాల దగ్గర తిట్లు తిని, మార్కండేయ నూనె డబ్బాతో మూడో బావి దగ్గరికి వచ్చేసరికి చంద్రావతి అటుగా గడ్డిమోపుతో పోతోంది. ఆగింది.

"ఏం కొడుకా, అన్నం తిన్నవా?"

"చంద్రావతీ, నవ్వులాటలొద్దు."

"చిన్నమ్మను పేరు పెట్టి పిలుస్తవా? గిదేనా నీ మెట్రిక్ చదువు?" గడ్డిమోపు కింద పడేసింది. "మా నాయిన నీకు తాత అయిండట. నలభై ఐదేండ్లకే తాతనైతినని అద్దంల మీసాలు చూస్కుంటుండు. రేపు సిద్దిపేటోల్లొస్తరు. నువ్వు బావుల నూనె పోస్కుంట ఉండు."

"నేనేం చెయ్యాలె? మా నాయిన మతి దెబ్బతిన్నదని పదిమందిల చెప్పాల్నా? పిచ్చోడంటరు."

"మీ నాయినకు జ్వరమొచ్చిన్నాడు మీ అవ్వ మా ఇంటికి రెండు గోలీలు తెచ్చింది. నేనే అందుకున్న. ఆ నీళ్ళు నేను సుత తాగిన, ఇప్పటికీ నాలికె చేదు పోలే." ఆమె గొంతు తగ్గింది. "గా రెండు గోలీలు ఎవలు మింగిన్రని నీ రిజిస్టర్ల రాసినవ్?"

మార్కండేయ బావిలోకి చూశాడు. బావిలో నూనె రంగులు రంగులుగా తేలుతోంది.

"మొదలు గది చెప్పు పదిమందిల," అంది చంద్రావతి. "మీ నాయిన మతి సంగతి తర్వాత చెబుదువు గాని." మోపు మీదికి వంగి, "మోపు ఎత్తుతవా, చిన్నమ్మ మీద భక్తి లేదా?" అంది. ఎత్తాడు.

సాయంత్రం రాజనర్సయ్య వాకిట్లో జనం చేరారు. కులపెద్ద మొగిలయ్య మంచం మీద, శివరాములు కొత్త ఉత్తరీయంతో పీట మీద. కాంతవ్వ పక్కనే, ఎందుకైనా మంచిదని ఆయన ఉత్తరీయం కొంగు పట్టుకుని కూర్చుంది. రాజనర్సయ్య భార్య మంగవ్వ అందరికీ మంచినీళ్ళు ఇస్తోంది. ఆ ఇంట్లో ఇద్దరికి జ్వరమని గోలీలు మింగించడానికి హాషం సాహెబు రిజిస్టరు చంకలో పెట్టుకుని అప్పుడే సైకిలు దిగాడు.

"అల్లుడా," అన్నాడు రాజనర్సయ్య శివరాములుతో, వినయంగా. "సిద్దిపేట పిలగాడు. ఇంటిపేరు, గోత్రం చెప్పిన గద. జర చూడు."

శివరాములు లేచాడు. కళ్ళు మూసుకున్నాడు. కాంతవ్వ గుడ్లు తేలేసింది.

"వరుస కలిసింది," అన్నాడు శివరాములు. ఇంకేమీ అనలేదు. వంశం చదవలేదు. కాంతవ్వ వైపు తిరిగి, పాఠం అప్పజెప్పిన పిల్లవాడిలా తల ఊపి కూర్చున్నాడు.

ఆమె నేర్పిన పాఠం పదిహేను రోజులు ఆలస్యంగా, వేరే పెళ్ళికొడుకుకు అందింది.

"డప్పులోల్లకు కబురు పెట్టున్రి!" అన్నాడు రాజనర్సయ్య.

మార్కండేయ లేచాడు.

"ఆగున్రి. మా నాయిన మాట పట్టుకొని సంబంధాలు చెయ్యకున్రి. పోయిన వానాకాలం జ్వరం ఆయన మెదడు దాకా పోయింది. అప్పటిసంది ఎవలు ఎవలో ఆయనకు ఎర్కలేదు. మేమే దాచినం. ఇంకొకటి." హాషం సాహెబు వైపు చూడలేక నేల వైపు చూశాడు. "ఇరవై ఒక్క గోలీలు మింగిండని రిజిస్టర్ల నేను రాసిన. నేను చూడలే. దొంగ రాత రాసిన. ఆయన మింగింది నాలుగు. మిగిలినయి వాడంత పంచుకున్నరు. నేను కండ్లముందర మింగించి ఉంటె గిట్ల కాకపోవు."

వాకిలంతా గుసగుసలు. హాషం సాహెబు రిజిస్టరు తెరిచి, ఆ పేజీ వెతుకుతున్నట్టు ఏదో పేజీ చూసి, మూశాడు.

"అంటె మీ నాయినకు పిచ్చంటవా?" అన్నాడు రాజనర్సయ్య. "అల్లుని మీద గంత మాటంటవా? చిన్నమ్మ మీద మనసు పడి కన్నతండ్రిని పిచ్చోన్ని చేస్తవా? నిజంగ పిచ్చే అయితె, పిచ్చి ఇంటికి పిల్లనెవడిస్తడు?"

"పిచ్చి అన్నోని నోట్ల..." అని కాంతవ్వ లేచింది. చేతిలో కొంగు ఉండటంతో శివరాములు కూడా సగం లేచాడు.

"ఖామోష్!" హాషం సాహెబు చేయెత్తాడు. "డాక్టర్ సాబ్ చిట్టీ ఉన్నది మార్కండేయ తాన. ఇటియ్యి బేటా." ఇంగ్లీషు చీటీ తీసుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, గంభీరంగా చదివాడు. "ఏమన్నడు డాక్టర్ సాబ్? ఇది పాగల్‌పన్ కాదు. షైతాన్ కాదు. బుఖార్ దిమాక్‌ల చొచ్చింది. ఔలాద్‌కు రాదు. కింద దస్తఖత్." నిజానికి సాహెబుకు ఏ భాషలోనూ చదవడం రాదు, మార్కండేయ వారం కింద తెలుగులో చెప్పింది గుర్తు పెట్టుకున్నాడు. అయినా ఒక్క మాట తప్పు పోలేదు.

"కాయిదం ఏమన్న అంటది," అన్నాడు రాజనర్సయ్య. "బావ నోట... అల్లుని నోట తప్పు రాదు. అంతే."

అప్పటిదాకా నీళ్ళ చెంబుతో నిలబడ్డ మంగవ్వ ముందుకు వచ్చింది.

"సరే. ఆయననే అడుగుదాం. అన్నా శివరాములన్నా, నేనెవలిని?"

"నువ్వు మంగవ్వవు," అన్నాడు శివరాములు నవ్వుతూ. పేరు తప్పలేదు. రాజనర్సయ్య గర్వంగా అందరినీ చూశాడు.

"గీ రాజనర్సయ్యకు నేనేమైత?"

శివరాములు కళ్ళు మూసుకున్నాడు. తల నెమ్మదిగా ఊగింది. మూడు ఊళ్ళు, నాలుగు ఇంటిపేర్లు, రెండు గోత్రాలు గడగడా పలికాడు. కళ్ళు తెరిచాడు.

"మేనత్తవు."



మంగవ్వ చెంబు కింద పెట్టింది. చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి, పాదాలు రెండూ ముందుకు పెట్టింది.

"ఏం మేనల్లుడా! ఇరవై ఆరేండ్లాయె. ఒక్కనాడన్న మేనత్త కాళ్ళకు మొక్కినవా? దా. మొక్కు."

"ఏందే గిది, పదిమందిల..."

"ఆయన నోట తప్పు రాదంటివి గద! ఆరుగురు పిల్లల్ని కన్న. గా పిల్లలు నీకేమైతరో సుత అడుగుదామా?"

"వద్దు, వద్దు!" అన్నాడు రాజనర్సయ్య.

మొగిలయ్య మంచం మీద పడి పడి నవ్వాడు. "మరి నేనేమైత శివరాములూ?" "మీరు మా పెద్ద బామ్మర్ది." "హాషం సాబ్?" "మా బావ." "హౌ, గది మాత్రం సహీ," అన్నాడు సాహెబు. నవ్వులే నవ్వులు. వాకిట్లో ప్రతివాడూ లేచి తన వరుస అడిగాడు. శివరాములు ఒక్కరినీ నిరాశపరచలేదు. అత్తలు అల్లుళ్ళయ్యారు, తాతలు మనుమలయ్యారు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు.

తర్వాత నవ్వు ఆపి, అందరి ముఖాలూ చూశాడు. కొడుకు ఒక్కడు నవ్వడం లేదు. మెల్లగా అడిగాడు:

"నేను తప్పు చెప్పిన్నా?"

కాంతవ్వ కొంగు చివర గట్టిగా పట్టుకుంది.

"చెప్పున్రి. వరుస తప్పు చెప్పిన్నా?"

ఆయన గొంతు విని మార్కండేయ తండ్రి దగ్గరికి పోయి పక్కన కూర్చున్నాడు.

మంగవ్వ భర్త వైపు తిరిగింది. ఇప్పుడు గొంతులో ఎగతాళి లేదు.

"గా మందుల రెండు గోలీలు మన కుండల పడ్డయి. పిల్లలు బతికిన్రు, మనం బతికినం. ఆయన మతి పోయిందంటె అండ్ల మన వాటా సుత ఉన్నది. పిచ్చి ఇల్లంటవా? అట్లయితె గీ రెండు వాడలల్ల ఏ ఇల్లు కాదు?"

రాజనర్సయ్య వచ్చి శివరాములు ముందు గొంతుక్కూర్చుని ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బావా, ఇటు చూడు. నేను రాజనర్సయ్యను. నీ బామ్మర్దిని. కాంతవ్వ నా చెల్లె. ఇగ దినాం పొద్దుగాల వచ్చి చెప్త. నువ్వు మర్చిపో, నేను మల్ల చెప్త. ఫికర్ చెయ్యకు."

"బామ్మర్దివా?" అన్నాడు శివరాములు. "మరి చెప్పవేందయ్యా ఇన్ని దినాలు?"

ఇక ఒక చిక్కు మిగిలింది. వరుస చెప్పాలి కదా! శివరాములు తప్ప ఆ మాట అన్నవాడు ఇంతవరకు లేడు. మొగిలయ్య ఆలోచించి, "తలా ఒక ముక్క చెప్పున్రి. మార్కండేయ రాస్తడు" అన్నాడు. రాయడానికి కాగితం లేదు. హాషం సాహెబు రిజిస్టరు వెనుక నుంచి ఖాళీ పేజీ చింపి ఇచ్చాడు. కాంతవ్వ తన పుట్టింటి మూడు తరాలు చెప్పింది. మంగవ్వ తన అత్తింటివి చెప్పింది. రాజనర్సయ్య రెండు గోత్రాలు చెప్పి ఒకటి దిద్దుకున్నాడు. ఐదు తరాలు పోగయ్యేసరికి గంట పట్టింది. శివరాములు ఒక్కడే ఉన్నప్పుడు ఇంత సేపు పట్టేది కాదు. అంతా అయ్యాక ఆయన్ను లేపి నిలబెట్టారు.

"ఇప్పుడను," అంది కాంతవ్వ.

ఆయన అనుమానంగా చూశాడు. "ఇప్పుడంటె సరేనా?"

"సరే."

"వరుస కలిసింది," అన్నాడు శివరాములు. ఈసారి కొంచెం భయంభయంగా అన్నాడు.

బయటికి వచ్చాక మార్కండేయ ఖాకీ టోపీ తీసి హాషం సాహెబు చేతిలో పెట్టాడు. "దొంగ రాత రాసిన సాబ్. నౌకరీ తీసేయున్రి."

"అరె, తీసేస్తే రిజిస్టర్ ఎవడు రాస్తడు? నేనా?" అని సాహెబు టోపీ మళ్ళీ అతని నెత్తిన పెట్టాడు. "గా పేజీ దిద్దు. ఇరవై ఒకటి కొట్టేసి నాలుగని రాయి. కింద నీ దస్తఖత్. రేపటిసంది ప్రతి నాలిక నువ్వే చూడాలె. మీ అవ్వది సుత."

కాంతవ్వ నాలుక చూడటం మలేరియా దఫ్తరు చరిత్రలోనే కష్టమైన పనిగా మార్కండేయ చెప్పుకునేవాడు. అయినా చూశాడు. ఆ తర్వాత రెండు వాడల్లో గోలీలు పంచుకోవడం ఆగింది. జున్నూ తొక్కూ పంచుకోవడం మాత్రం ఆగలేదు. మగ్గం గుంటల్లో నీళ్ళు తోడమంటే మాత్రం ఇంకా తిడుతూనే ఉన్నారు.

సిద్దిపేట వాళ్ళకు కబురు పోయింది. మాఘమాసంలో మార్కండేయకూ చంద్రావతికీ పెళ్ళయింది. శివరాములు బతికినంత కాలం కోడలిని "మరదలా" అనే పిలిచాడు. ఆయన లెక్కలో ఆమె కాంతవ్వ చెల్లెలే. "మరదలా, జావ పొయ్యి" అంటే, "వస్తున్న బావా" అని ఆమె పొయ్యి దగ్గర నుంచే పలికేది. కొత్తగా వచ్చిన చుట్టాలు నోళ్ళు తెరిచేవాళ్ళు. రాజనర్సయ్య మాట తప్పలేదు. నాలుగేళ్ళు దినాం పొద్దున వచ్చి, "బావా, నేను నీ బామ్మర్దిని" అని చెప్పి పోయేవాడు. కొన్ని పొద్దులు శివరాములు, "నాకెర్కలేదా?" అని కసురుకునేవాడు. ఆ పొద్దుల్లో రాజనర్సయ్య అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకుంటూ పోయేవాడు.

శివరాములు నలభై ఎనిమిదిలో పోయాడు. ఆయన తలలో ఉన్న ఇళ్ళలో మార్కండేయ తిరిగి అడిగి రాసుకోగలిగినవి సగం కూడా లేవు. మిగతావి ఇంకెవరికీ తెలియవు.

అందుకే ఇది చదివినవాళ్ళకు ఒక్క మనవి. మీకు అమీర్‌పేట మగ్గాలు తెలియకపోవచ్చు, ఆ వాకిట్లో కూర్చున్న ఎవరితోనూ మీకు చుట్టరికం లేకపోవచ్చు. ఆయన పేరు శివరాములు. నాలుగు ఊళ్ళ మనుషుల్ని ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పి కలిపినవాడు. ఆయనను గుర్తు పెట్టుకోండి. మీకు ఆయన ఏమవుతాడని ఎవరైనా అడిగితే, మీకు నచ్చిన వరుస చెప్పండి. ఆయన కాదనడు.